భాగ్యనగరం ఆసుపత్రులు – 3: మూసీ గట్టు దవాఖానా

మూసీ నదికి ఉత్తరపు గట్టున, అఫ్జల్‌గంజ్ ధాన్యం బజారును ఆనుకుని 1866లో ఒక దవాఖానా తెరుచుకుంది. హైదరాబాదులో పాశ్చాత్య వైద్యం సామాన్య జనానికి పెద్ద ఎత్తున అందడం అక్కడే మొదలైంది. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పేరే బజారుకూ, పక్కనున్న వంతెనకూ, దవాఖానాకూ నిలిచిపోయింది. నదికి దక్షిణాన ప్రాకారం లోపల పాత నగరం, నవాబుల దేవిడీలు, హకీముల మతబులు (వైద్యశాలలు) ఉండేవి. ఉత్తరాన కోఠీలో బ్రిటిష్ రెసిడెంటు మేడ, దాని చుట్టూ రెసిడెన్సీ బజారు. దవాఖానా ఈ రెంటికీ నడుమ పడింది. తర్వాతి నలభై రెండేళ్ల దాని చరిత్ర దర్బారుకూ రెసిడెన్సీకీ మధ్య పెనుగులాటతో పెనవేసుకుని సాగింది.

గత భాగం దారుల్‌షిఫా దగ్గర ఆగింది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1595లో కట్టించిన ఆ రెండంతస్తుల ఆసుపత్రిలో రోగులకు వసతి, యునానీ విద్యార్థులకు చదువు, ఎదురుగా దూరపు ఊళ్ల నుంచి వచ్చేవారికి సరాయి ఉండేవి. 1687లో గోల్కొండ మొఘలుల వశమయ్యాక దానికి రాజపోషణ తప్పింది. హకీములు క్రమంగా తమ ఇళ్లకు, దేవిడీలకు పరిమితమయ్యారు. వైద్యం ఆగలేదు గానీ, పేదవాడు వెళ్లి పడుకుని నయం చేయించుకునే చోటు లేకుండా పోయింది. ఆ లోటు పూడడానికి సుమారు 180 ఏళ్లు పట్టింది.

ఎవరి వైద్యం వారిది

1840ల నాటి నగరంలో జబ్బుపడినవారికి దొరికే వైద్యం వారి అంతస్తును బట్టి ఉండేది. నవాబు ఇంటికి హకీమే కదిలివచ్చేవాడు. నాడి పట్టి, సీసాలో ఉంచిన మూత్రం రంగు చూసి, షర్బతో మాజూనో రాసిచ్చేవాడు. కాస్త కలిగినవారు ఆయుర్వేద వైద్యుల గడపకో, బస్తీ హకీము మతబుకో వెళ్లేవారు. కూలినాలి చేసుకునేవారికి మంగలే శస్త్రవైద్యుడు. కురుపు కోయాలన్నా, చెడు రక్తం తీయాలన్నా అతని కత్తే దిక్కు. ఎముక విరిగితే కట్లు కట్టేవారు వేరే ఉండేవారు. పురుడు మంత్రసాని చేతిలో ఉండేది. ఒంటిమీద అమ్మవారు పోస్తే వేపమండలు, పోచమ్మకు మొక్కులు.

గత్తర వస్తే మాత్రం నవాబుకూ కూలీకీ తేడా లేదు. కలరాకు ఎవరి దగ్గరా మందు లేదు. బావుల నీళ్లు, మూసీ చెలమల నీళ్లు తాగే బస్తీలను తొలివానల కాలంలో అది చుట్టబెట్టేది. సికింద్రాబాదు లష్కర్ బోనాల పుట్టుక కథ కూడా ఈ భయంలోంచే వచ్చింది. 1813లో ఇక్కడ గత్తర చెలరేగినప్పుడు, సైన్యంతో ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చాక 1815లో సికింద్రాబాదులో అమ్మవారిని ప్రతిష్ఠించాడనీ చెబుతారు. బోనాలు ఆషాఢంలో రావడం, ఆ నెలే గత్తర కాలం కావడం కాకతాళీయం కాదు. ఊరంతా కలిసి వీధులు ఊడ్చి, పసుపునీళ్లు చల్లి, వేపాకు కట్టిన ఆ కట్టుబాట్లలో జనం తమకు తెలిసిన మేరకు చేసుకున్న ఆరోగ్యరక్షణ కనిపిస్తుంది.

ఈ వాతావరణంలో నాలుగో నిజాం నాసిరుద్దౌలా జబ్బుపడ్డాడు. ఆస్థాన హకీముల మందులు పనిచేయలేదు. అప్పటి రెసిడెంటు జనరల్ జేమ్స్ స్టువర్ట్ ఫ్రేజర్ తన సర్జన్ విలియం కాంప్‌బెల్ మెక్‌లీన్ చేత చూపించుకోమని సలహా ఇచ్చాడు. దొర ఇచ్చే మందు నోట పెట్టుకోవడానికి దర్బారు ఒప్పుకోలేదనీ, దాంతో మెక్‌లీన్ మందు లేకుండా ఆహార నియమాలతోనే నిజాముకు నయం చేశాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథలో అతిశయం ఎంతైనా, ఫలితం మాత్రం చరిత్రకెక్కింది. 1846లో రెసిడెన్సీ పక్కన నిజాం ఖర్చుతో, మెక్‌లీన్ ఆధ్వర్యంలో హైదరాబాదు మెడికల్ స్కూలు మొదలైంది. నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం అదే.

ఆ పాఠశాలలో చదువు ఉర్దూలో సాగింది. శరీర నిర్మాణం, శస్త్రచికిత్స, మందుల తయారీ అన్నీ స్థానిక కుర్రాళ్లకు తెలిసిన భాషలో చెప్పారు. 1850ల్లో డాక్టర్ జార్జ్ స్మిత్ ఆధ్వర్యంలో ఒక వైద్య పత్రిక కూడా ఉర్దూలో వెలువడింది. హైదరాబాదులో వచ్చిన తొలి ఉర్దూ పత్రికల్లో అదొకటి. చదువు ముగించినవారికి ఇచ్చిన పట్టా పేరు ‘హకీం’. కత్తి పట్టే కొత్త వైద్యుణ్ణి నగరం పాత గౌరవంతోనే పిలిచింది. పాశ్చాత్య వైద్యానికి ఇక్కడ ఎదురైన అపనమ్మకం త్వరగా తగ్గడంలో ఈ నిర్ణయాల పాత్ర పెద్దది.

సాలార్‌జంగ్ లెక్క

పాఠశాల పుట్టిన ఇరవై ఏళ్లకు గానీ దానికి తగిన దవాఖానా రాలేదు. కారణం డబ్బు. నిజాం ఖజానా అప్పుల్లో మునిగి ఉంది. బ్రిటిష్ అధికారుల కింద పనిచేసే కంటింజెంటు సైన్యం జీతాల బకాయిల కింద 1853లో బీరారునే అప్పగించాల్సి వచ్చింది. అదే ఏడాది దివానుగా వచ్చిన మొదటి సాలార్‌జంగ్ పన్నుల వసూలును, జిల్లాల పాలనను ఒక్కొక్కటిగా గాడిన పెట్టాడు. 1857 జూలైలో తుర్రెబాజ్ ఖాన్ నాయకత్వంలో రెసిడెన్సీ మీద దాడి జరిగింది. ఆ తర్వాత కోఠీ అంటే పాతబస్తీ జనానికి కోపం, పాతబస్తీ అంటే రెసిడెన్సీకి అనుమానం. నగరంలో ఉన్న కొత్త వైద్యులు రెసిడెన్సీ మనుషులుగానే కనిపించేవారు.

1860ల మధ్యకు ఖజానా కోలుకుంది. 1865లో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించిన జిల్లాబందీ, మరుసటేడు అఫ్జల్‌గంజ్ దవాఖానా. సాలార్‌జంగ్ ఎంచుకున్న స్థలంలోనే రాజకీయం ఉంది. పాతబస్తీ మనిషి వంతెన దాటితే చాలు, రెసిడెన్సీ గడప తొక్కనక్కర్లేదు. దవాఖానా నిజాం ప్రభుత్వానిది, దాని పెద్ద వైద్యుడు రెసిడెన్సీ సర్జను, రోజువారీ పని చేసేది మెడికల్ స్కూలులో చదివిన స్థానికులు. ఈ మూడు ముడుల ఏర్పాటు మీదే అది నడిచింది. విద్యార్థులకు పడకల పక్కన నిలబడి నేర్చుకునే అవకాశం వచ్చింది. యునానీనీ ప్రభుత్వం వదిలేయలేదు. హకీములకూ పోషణ అందుతూనే ఉంది. హకీం, డాక్టరు ఎదురుబొదురు నిలిచినా, జనం మాత్రం ఒకరి మందు పనిచేయకపోతే మరొకరి దగ్గరికి వెళ్లారు. నగరంలో ఈ అలవాటు ఈనాటికీ పోలేదు.

క్లోరోఫాం తగాదా

1885లో ఎడ్వర్డ్ లారీ రెసిడెన్సీ సర్జనుగా వచ్చాక, ఈ దవాఖానా పేరు లండన్ దాకా మోగింది. లారీ ఎడింబరోలో పేరుమోసిన శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ శిష్యుడు. పట్టుదల, వాదన రెండూ పుట్టుకతో వచ్చిన మనిషి. 1901 దాకా ఆయన హైదరాబాదులోనే ఉన్నాడు.

ఆయన తగవంతా క్లోరోఫాం గురించి. ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ 1847 నవంబరులో ఈ మత్తుమందును వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలు తిరగకుండానే, 1848 జనవరిలో న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి కాలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి నిమిషాల్లో చనిపోయింది. ఆ చావు గుండె ఆగి వచ్చిందా, ఊపిరి ఆగి వచ్చిందా అన్నది నలభై ఏళ్లైనా తెగలేదు. లండన్ వైద్యులు నాడి మీద వేలు తీయకూడదన్నారు. ఎడింబరో వైద్యులు నాడి సంగతి వదిలేసి ఊపిరిని కనిపెట్టి ఉండమన్నారు. రోగి ప్రాణం మత్తిచ్చేవాడి చూపు ఎటు ఉందన్నదాని మీద ఆధారపడింది కనుక ఇది పండితుల కాలక్షేపపు వాదన కాదు.

భారతదేశంలో ఈ ప్రశ్నకు బరువు మరింత ఎక్కువ. మరో మత్తుమందు ఈథర్ 35 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది, తేలిగ్గా అంటుకుంటుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే హైదరాబాదులో దాన్ని నిలవ ఉంచడమే కష్టం. క్లోరోఫాం 61 డిగ్రీల దాకా మరగదు, మంట అంటుకోదు, చిన్న సీసా చాలు. అందువల్ల ఇక్కడి శస్త్రచికిత్స అంతా దాని మీదే నడిచేది.

అఫ్జల్‌గంజ్‌లో పద్ధతి తేలికైనది. గుడ్డను గరాటులా చుట్టి, లోపల కాస్త దూది పెట్టి, దాని మీద క్లోరోఫాం చుక్కలు వేసి రోగి ముక్కుకు ఎదురుగా పట్టేవారు. తియ్యటి వాసన. మొదట రోగి పెనుగులాడేవాడు, గట్టిగా ఏదో ఒకటి మాట్లాడేవాడు. తర్వాత మాట తడబడి, కళ్లు మూతపడి, ఊపిరి ఒక లయలో పడేది. మత్తిచ్చే విద్యార్థి కళ్లు రోగి ఛాతీ మీద, పొట్ట మీద ఉండాలి. ఊపిరిలో గురక వినపడినా, తడబాటు కనపడినా గుడ్డ పక్కకు తీసేయాలి. ఎన్నో వేలమందికి ఇలా మత్తిచ్చామనీ, ఊపిరి చూసుకుంటే గుండెకు ప్రమాదం లేదనీ లారీ వాదన.

ఆ వాదనను రుజువు చేయడానికి 1888లో నిజాం ప్రభుత్వ ఖర్చుతో మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. పాట్రిక్ హెహిర్ తదితరులు సభ్యులు. కుక్కల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే, గుండె కాదని తేల్చారు. లండన్ నుంచి వెలువడే ‘లాన్సెట్’ పత్రిక ఆ నివేదికను నమ్మలేదు. లండన్ శాస్త్రజ్ఞుల ఫలితాలకు విరుద్ధంగా హైదరాబాదు నుంచి వచ్చిన ఈ మాటను ఎలా ఒప్పుకోవాలన్నది దాని ధోరణి.

అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఎవరూ ఊహించని పని చేశాడు. ఆయన వయసు అప్పటికి 23 ఏళ్లు. పాము కరిస్తే ఆయన పేరు తలుచుకుంటే విషం దిగుతుందని జనం నమ్మిన ప్రభువు. ఆయన లాన్సెట్‌కు 1,000 పౌండ్లు ఇచ్చి, తమ ప్రతినిధిని పంపించి ఇక్కడే పరీక్షించుకోమన్నాడు. లాన్సెట్ ఎంచుకున్న ప్రతినిధి థామస్ లాడర్ బ్రంటన్, ఔషధశాస్త్రంలో ఇంగ్లండులోనే పెద్దల్లో ఒకడు. క్లోరోఫాం గుండెను ఆపగలదని నమ్మినవాడు. 1889 అక్టోబరులో రెండో కమిషన్ పని మొదలైంది. లారీ, బ్రంటన్‌లతో పాటు జెరాల్డ్ బామ్‌ఫోర్డ్, రుస్తుంజీ హకీం అందులో సభ్యులు. మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము తిరుగుతుంటే, ప్రాణి రక్తపోటును బట్టి సన్నటి సూది దాని మీద తెల్లగీత గీసేది. ఊపిరి ఎప్పుడు ఆగింది, గుండె ఎప్పుడు ఆగింది అన్నది ఆ గీతల్లో చూసుకునేవారు. మొత్తం 490 కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ల మీద ప్రయోగాలు జరిగాయి. ఆ మూగజీవాల సంఖ్య చదివితే మనసు చివుక్కుమంటుంది. ఇంత ప్రాణనష్టం ఒక వాదనలో నెగ్గడానికేనా అన్న ప్రశ్న ఆనాటి నివేదికల్లో కనపడదు.

బ్రంటన్ అభిప్రాయం మార్చుకుని, ఊపిరే ముందు ఆగుతుందని లండన్‌కు తంతి పంపాడు. 1890లో పూర్తి నివేదిక లాన్సెట్‌లో వచ్చింది. తగాదా మాత్రం చల్లారలేదు. 1893లో కేంబ్రిడ్జిలో గ్యాస్కెల్, షోర్‌లు చేసిన ప్రయోగాలు హైదరాబాదు ఫలితాలకు ఎదురు నిలిచాయి. చివరికి 1911లో గుడ్‌మన్ లెవీ అసలు సంగతి బయటపెట్టాడు. మత్తు ఎక్కువైతే ఊపిరి ఆగడం నిజమే. మత్తు పూర్తిగా ఎక్కకముందే రోగి బెదిరినా, నొప్పి తెలిసినా, గుండె గతి తప్పి ఒక్కసారిగా ఆగిపోవచ్చు. హన్నా గ్రీనర్ లాంటి చావులకు ఇదే కారణమై ఉండాలి. లారీ సగం ఒప్పు. ఊపిరిని కనిపెట్టి ఉండమన్న ఆయన నియమం ఇప్పటికీ మత్తువైద్యంలో మొదటి పాఠం. గుండెకు ప్రమాదమే లేదన్న మొండితనం మాత్రం తప్పు. ఆయన ఆ తప్పును ఎన్నడూ ఒప్పుకోలేదు.

రూపాబాయి, ఆమె తోటివారు

క్లోరోఫాం తగాదాలో లారీ పేరు మిగిలింది. నగరానికి అంతకన్నా ఎక్కువ మేలు చేసిన పని ఆయన హయాంలోనే మరొకటి జరిగింది. 1885లో మెడికల్ స్కూలులో ఐదుగురు ఆడపిల్లలను చేర్చుకున్నారు. ఆ ఐదుగురిలో పార్సీ కుటుంబానికి చెందిన రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. పర్దా పాటించే ఇళ్లలో ఆడవారికి జబ్బు చేస్తే మగ వైద్యుడు తెర అవతలి నుంచి చెయ్యి మాత్రమే చూసే రోజులవి. కష్టకాన్పు వచ్చిందంటే మంత్రసాని చేతకాక వదిలేసిన తర్వాత దిక్కు ఉండేది కాదు. ఆడ డాక్టరు అవసరం ఎంతటిదో ఆ ఇళ్లవారికి వేరే చెప్పనక్కర్లేదు.

రూపాబాయి 1889లో ‘హకీం’ పట్టా పుచ్చుకున్నారు. రెసిడెన్సీ ఆసుపత్రిలో, అఫ్జల్‌గంజ్‌లో, జనానా ఆసుపత్రిలో క్లోరోఫాం ఇచ్చే పని చేశారు. తర్వాత అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్‌కు, 1909లో ఎడింబరోకు వెళ్లి చదువు కొనసాగించారు. తిరిగివచ్చి 1920 దాకా చాదర్‌ఘాట్ ఆసుపత్రి బాధ్యతలు చూశారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఆమెను పలువురు వైద్య చరిత్రకారులు పేర్కొంటారు. కమిషన్ నివేదికలు లండన్ గ్రంథాలయాల్లో భద్రంగా ఉన్నాయి. ఆ గుడ్డ గరాటును రోజూ చేత్తో పట్టిన రూపాబాయి పేరు నగరంలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. ఇది సరిదిద్దుకోవలసిన లోటు.

ఆ రోజుల్లోనే నగరానికి ఉత్తరాన, బ్రిటిష్ కంటోన్మెంటులో మరో పని సాగుతోంది. బేగంపేట సైనిక ఆసుపత్రిలో రొనాల్డ్ రాస్ దోమల కడుపులు కోసి చూస్తున్నాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకుని కుట్టించుకున్నాడు. గాలికి దోమలు చెదిరిపోతాయని ఆగస్టు ఉక్కలోనూ పంకా లాగనిచ్చేవారు కాదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి దశ ఒకటి కంటపడింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఇన్ని మైళ్ల దూరం నుంచి వచ్చి ఒకే నగరంలో పనిచేసిన రాస్‌కూ లారీకీ పొసగలేదు. మలేరియాకు క్రిమి కారణమన్న మాటనే లారీ కొట్టిపారేసేవాడు.

1908 సెప్టెంబర్ 28

1906లో వేల్స్ యువరాణి నగరానికి వచ్చినప్పుడు విక్టోరియా జనానా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఆడవారి వైద్యానికి ప్రత్యేకంగా పెద్ద భవనం రాబోతోందన్న ఆశ కలిగింది. రెండేళ్లకే మూసీ ఉగ్రరూపం దాల్చింది. 1908 సెప్టెంబర్ చివరి రోజుల్లో కుండపోత వానలకు ఎగువ చెరువుల కట్టలు తెగి, 28వ తేదీన నది రెండు గట్లనూ ముంచెత్తింది. అఫ్జల్ వంతెనతో సహా మూడు వంతెనలు దెబ్బతిన్నాయి. సుమారు 15,000 మంది చనిపోయారు. వేల ఇళ్లు నేలమట్టమయ్యాయి.

గట్టు మీదున్న అఫ్జల్‌గంజ్ దవాఖానా వరద దారిలోనే ఉంది. నీళ్లు కమ్ముకున్నప్పుడు ఆవరణలోని చింతచెట్టు కొమ్మలెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఈనాటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో బతికే ఉంది. సాలార్‌జంగ్ కాలపు దవాఖానా మాత్రం ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. నగరంలో గాయపడినవారు, జ్వరపీడితులు పెరిగిపోయిన సమయంలోనే పెద్ద ఆసుపత్రి చేతికి రాకుండా పోయింది. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి నదికి ఎగువన జలాశయాలు కట్టాలని సూచించాడు. నదిని అదుపులో పెట్టకుండా ఆ గట్టున మళ్లీ ఆసుపత్రి నిలబడదని పాలకులకు అర్థమైంది.

వరద తీసిన మూడేళ్లకు, 1911లో, నగరంలో ప్లేగు వచ్చింది. అదే ఏడు మహబూబ్ అలీ పాషా కన్నుమూసి, మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కాడు. ఎలుకలు రాలిపడిన బస్తీలు, ఊరు విడిచి గుడారాల్లో తలదాచుకున్న జనం, ఎర్రమంజిల్‌లో వెలసి తర్వాత నల్లకుంటకు మారిన క్వారంటైన్ దవాఖానా, పాత అఫ్జల్‌గంజ్ ఆవరణలో విన్సెంట్ ఎష్ గీసిన నక్షాతో లేచిన ఉస్మానియా ఆసుపత్రి వచ్చే భాగంలో వస్తాయి. ఆ కొత్త భవనం 1925లో పూర్తయింది.